ఏడు సరుగుడు చెట్లు

సోమవారం పొద్దున బోమాయి మంచినీళ్ళ కోసం అన్న వంటింట్లోకి వంగి దూరాడు. దూరినవాడు ఎంతకీ బయటికి రాలేదు.

వాకిట్లో నీలం పట్టా మీద కాఫీ గింజలు పలచగా పరుస్తున్న కెరెంగా, పరిచే చెక్క చేత్తో పట్టుకునే లేచి వెళ్ళాడు. లోపల పొగ ఇంకా అణగలేదు. పొయ్యికి దూరంగా, వెదురు తడికకి పోయిన ఏటి చర్చి క్యాలెండరు కాగితం ఒకటి తిరగేసి ముల్లుతో గుచ్చి ఉంది. తెల్లటి వెనకవైపున పెన్సిలు బొమ్మ. వెనకాల పెద్ద కొండ, దాని ముందు గట్టు, గట్టు వాలులో చెట్లు, చెట్ల కింద గడ్డి అన్నట్టు పొట్టి పొట్టి గీతలు. మనిషి లేడు, పంది లేదు, ఇల్లు లేదు. బోమాయి దాని ముందు గొంతుక్కూర్చుని, చూపుడువేలితో ఒక్కొక్క చెట్టునూ తాకుతూ పెదవులు కదుపుతున్నాడు.

"ఇది మన మిలే గట్టే కదన్నా," అన్నాడు వెనక్కి తిరక్కుండా.

కెరెంగా కళ్ళు చిట్లించి చూశాడు. గట్టు వంపు తెలుస్తూనే ఉంది. కోడలు వేసిందనీ, నిన్న పూజ నుంచి వచ్చాక తోటలో కూర్చుని గీసుకుందనీ చెప్పాడు.

"చూసి ఊరుకున్నావా?"

"బొమ్మే కదరా."

"లెక్కపెట్టు."

కెరెంగా లెక్కపెట్టాడు. ఏడు. తడికకి ఇంకాస్త దగ్గరగా జరిగి, కుడి నుంచి ఎడమకి మళ్ళీ లెక్కపెట్టాడు. ఏడే. మిలే గట్టు మీద సరుగుడు చెట్లు తొమ్మిది.

గట్టు మీద సరుగుడు దానంతటది మొలవదు. ఎవరో మొక్క తెచ్చి నాటాలి, పందులు పెళ్ళగించకుండా కంచె కట్టాలి. నాటినవాడి పేరు ఆ చెట్టు నిలిచినన్నాళ్ళూ నిలుస్తుంది. ఆ తొమ్మిదింటినీ నాటింది వీళ్ళ తండ్రి. గట్టు అవతల ఉండే తాబినా తెగవాళ్ళు ఆ వాలు తమదంటున్నారు. గోర్మా తెగవాళ్ళయిన వీళ్ళు శిఖరం దాకా తమదేనంటున్నారు. శుక్రవారం నాడు భూమి తగవులు తీర్చే పెద్దమనిషి సియూనే వస్తున్నాడు. గోర్మావాళ్ళకి ఉన్న సాక్ష్యమంతా ఆ చెట్లే. కోడలు రెజీనా పుట్టింది తాబినా తెగలో.

"పాకే పిల్లకి కూడా తెలుసు తొమ్మిదని. ఎనిమిదో తరగతి చదివిన నీ కోడలికి తెలీదా?" బోమాయి గొంతు తగ్గించాడు. "మనం తొమ్మిదంటాం. వాళ్ళ మామ దామా ఈ కాగితం పైకి తీసి, మీ ఇంటి పిల్లే ఏడని రాసిచ్చిందంటాడు. మిగతా రెండూ మీ నాన్న నాటినవి కావంటాడు. రెండు చెట్ల దగ్గర అబద్ధమాడినవాళ్ళు తొమ్మిదింటి దగ్గరా ఆడతారంటాడు. అప్పుడేం చెప్తావు, ప్రార్థన పెద్దవి కదా, జపమాల చూపిస్తావా?"

మాట్లాడుతూండగా అతని వేలు చెట్ల మీంచి కిందికి జారింది. గడ్డి గీతల దగ్గర ఒక్క క్షణం ఆగింది. బోమాయి ఆ వేలిని నిక్కరుకి తుడుచుకుని లేచాడు. మంచినీళ్ళు తాగకుండానే వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం రెజీనా తోటనుంచి వచ్చింది. అల్లిక సంచి పట్టీని నుదుటికి తగిలించుకుని, వీపు నిండా చిలగడదుంపలు మోసుకుని, మెడ వంచి నడుస్తోంది. ఆమె ఇలా రావడం కెరెంగా రెండేళ్ళుగా రోజూ చూస్తున్నాడు. ఇవాళ మాత్రం ఆ సంచిలో దుంపల కింద ఏముందోనని చూశాడు. చూసినందుకు తనకే ఏదోలా అనిపించింది. అయినా చూపు తిప్పుకోలేదు.

ఆమె సంచి దించి దుంపలు విడదీస్తూంటే దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు.

"అమ్మాయ్, ఆ బొమ్మలో చెట్లు ఎన్ని వేశావు?"

రెజీనా తలెత్తింది. "తెలీదు మామయ్యా. లెక్కపెట్టలేదు."

"లెక్కపెట్టకుండా ఎలా వేశావు?"

"కనపడినవి వేశాను."

"ఎందుకు వేసినట్టు?"

ఆమె చేతిలోని దుంపకి అంటిన మట్టిని బొటనవేలితో రాల్చింది. ఎందుకని అడిగినవాళ్ళు ఇంతవరకూ లేరు కాబోలు, జవాబుకి వెతుక్కుంది. "బాగుందని," అంది చివరికి.

కెరెంగా అక్కడినుంచి వచ్చేశాడు. ఆమె భయపడి ఉంటే బాగుండేది. దబాయించినా బాగుండేది. లెక్కపెట్టలేదట. చెట్టుని లెక్కపెట్టకుండా చూసే మనుషులు ఉంటారా? తన చెట్టా, పక్కవాడి చెట్టా, ఎవరు నాటింది, ఎప్పుడు నరకాలి, ఇవి తెలియకుండా ఒక చెట్టు వైపు చూడడం కెరెంగా ఎరగడు. బాగుందని వేసిందట. అబద్ధమాడేవాళ్ళు కూడా ఇంతకంటే నమ్మేలా చెప్తారు.

ఆ సాయంత్రం విషయం భార్య ఎలిసబెత్ చెవిన పడింది. ఆమె పొయ్యిలో కట్టెలు ఎగదోసి, తర్వాత ఒక్కొక్క అనుమానమే బయటపెట్టింది. పోయిన శనివారం సంతలో రెజీనా తన తాబినా అక్కతో కాఫీ మూటల చాటున నిలబడి మాట్లాడిందట. తనని చూడగానే ఇద్దరూ మాట ఆపేశారట. ప్రార్థన హాజరు పుస్తకానికి కట్టిన పెన్సిలు రెండు వారాలుగా పొట్టిదవుతూ వస్తోందట. ఒక్క బొమ్మకే అంత అరిగిపోతుందా, ఇంకెన్ని వేసి ఎవరికిచ్చిందో అంది.

మంగళవారం రెజీనా ఉడికించిన దుంపలని ఎవరూ ముట్టుకోలేదు. కెరెంగాకి ఆకలి లేదు. ఎలిసబెత్ వేరే కుండ పెట్టుకుంది. రెజీనా మొగుడు కాస్పర్ ఒక దుంప చేతిలోకి తీసుకుని, తల్లి ముఖం చూసి, దాన్ని అలాగే పట్టుకుని బయటికి వెళ్ళాడు. తర్వాత పందుల దొడ్డి దగ్గర చప్పుడయింది. శత్రువుల ఇంటి పిల్ల చేతి వంటని ఎప్పుడు తినాలో ఎప్పుడు మానాలో ఈ లోయలో ఎవరూ ఎవరికీ నేర్పక్కర్లేదు. రెజీనా కుండ బోర్లించి, అడుగున మిగిలినదాన్ని ఆకులో పెట్టుకుని, గోడవైపు తిరిగి తింది. అందులో మందేమీ కలపలేదని తన వంట తాను తిని చూపిస్తోందనుకున్నాడు కెరెంగా. అంతలోనే, ఆకలేసి తింటోందేమో అని కూడా అనుకున్నాడు.

కొడుకుని కాఫీ తోటలోకి తీసుకెళ్ళి అడిగాడు. కాస్పర్ ఎర్రపండ్లు కోస్తూ, కొమ్మలకేసే చూస్తూ జవాబు చెప్పాడు. ఆమె ఎప్పుడూ ఏదో గీస్తుందన్నాడు. పెళ్ళయిన కొత్తలో పార పిడి మీద బొగ్గుతో గీసేదట. తన చెయ్యి గీసిందట ఒకసారి, అచ్చం చెయ్యిలాగే ఉందట. ఇక పినతండ్రి బోమాయి చెప్పినదాని సంగతి నాన్నకే వదిలేశానన్నాడు. కెరెంగాకి కోపం వచ్చింది. ఆ కోపం ఎవరి మీదో అతనికి తెలియలేదు.

బుధవారం మధ్యాహ్నం గోర్మా మగవాళ్ళు సభ జరిగే మైదానంలో కూర్చున్నారు. మాట్లాడింది ఎక్కువగా బోమాయే. ఆ కాగితాన్ని అందరి ముందూ కాల్చాలన్నాడు. పిల్లని శుక్రవారానికి ముందే పుట్టింటికి పంపాలన్నాడు. తగవు తేలాక మళ్ళీ పిలవాలో వద్దో అప్పుడు చూసుకోవచ్చన్నాడు. పిలవరని అందరికీ తెలుసు. అలా పంపినవాళ్ళని ఇంతవరకూ ఎవరూ పిలవలేదు. ఇద్దరు ముగ్గురు అవునన్నారు. కాస్పర్ వెనక వరసలో గడ్డిపోచని చీలికలు చేస్తూ కూర్చున్నాడు.

కెరెంగా లేచాడు. ప్రార్థన పెద్ద కాబట్టి అతను మాట్లాడితే కొంత నిశ్శబ్దంగా వింటారు. కాగితం తన ఇంట్లో ఉంది, పిల్ల తన ఇంట్లో ఉంది, రేపు ఒక్కరోజు ఇమ్మన్నాడు. తానే గట్టు దగ్గరికి తీసుకెళ్ళి గీతకి గీత సరిచూస్తాననీ, ఆమె కావాలనే చెట్లు దాచిందని తేలితే తానే వెంటబెట్టుకుని దిగబెట్టి వస్తాననీ చెప్పాడు.

"నీకెందుకన్నా అంత శ్రమ," అన్నాడు బోమాయి. "కాగితం నాకియ్యి. నేను చూసొస్తాను."

"నా మోకాళ్ళు ఇంకా పనిచేస్తున్నాయిలేరా."

నవ్వారు కొందరు. బోమాయి నవ్వలేదు.

సందెవేళ ఇంట్లో ప్రార్థన జరిగింది. రెజీనా ఎప్పటిలా తలుపు పక్కన మోకరించింది. ఎలిసబెత్ తన మోకాళ్ళని కాస్త ఇవతలికి జరుపుకుంది. పది ఆజ్ఞలూ వరసగా చెప్పడం కెరెంగా వంతు. ఏడు దాకా గడగడా చెప్పినవాడు, అబద్ధ సాక్ష్యం గురించిన ఎనిమిదో ఆజ్ఞ దగ్గర కొంచెం గొంతు పెంచి, తలుపు వైపు చూస్తూ చెప్పాడు. రెజీనా మిగతావాటికి ఎలా పలికిందో దానికీ అలాగే పలికింది. ఇంత గట్టి గుండె ఏమిటని అతనికి ఆశ్చర్యం వేసింది.

గురువారం పొద్దున మంచు పైకి లేచాక కెరెంగా ముల్లు పీకి, కాగితం చుట్టి, చొక్కాలో పెట్టుకుని బయల్దేరాడు. రెజీనా తోట వాగుకి ఇవతల, మిలే గట్టుకి ఎదురుగా ఉంటుంది. దుంపల బోదెలు గుండ్రంగా, ఒకే ఎత్తున, చేత్తో నిమిరినట్టు ఉన్నాయి. పనిమంతురాలే అనుకుని, పనికీ నిజాయితీకీ సంబంధం ఏముందిలే అని తనకి తానే చెప్పుకున్నాడు.

తోట మూల బల్లపరుపు రాయి ఒకటి ఉంది. దాని పక్కన మట్టిలో పెన్సిలు చెక్కిన పొట్టు. ఇక్కడే కూర్చుందన్నమాట. కెరెంగా రాయి పక్కన నిలబడి, కాగితం విప్పి, రెండు చేతులతో చాచి పట్టుకుని గట్టు వైపు చూశాడు.

చెట్లు తొమ్మిది. నిలబడినచోటునుంచే స్పష్టంగా తొమ్మిది. ఇంతకంటే ఏం కావాలి? ఇంత దగ్గర కూర్చుని, తొమ్మిదిని చూస్తూ ఏడు గీసింది. పైకి ఎంత అనుమానించినా, అది నిజం కాకూడదనే ఇంత దూరం వచ్చానని అతనికి అప్పుడు తెలిసింది.

మోకాళ్ళు నొప్పిగా ఉండి రాయి మీద కూర్చున్నాడు. ఊపిరి పీల్చుకుని మళ్ళీ తలెత్తాడు.

ఏడు.

కళ్ళు నులుముకున్నాడు. ఏడే. లేచాడు, తొమ్మిది. కూర్చున్నాడు, ఏడు. మూడోసారి నెమ్మదిగా, సగం లేచి సగంలో ఆగి చూశాడు. నాలుగో చెట్టు మాను వెనకనుంచి ఇంకో మాను కొమ్మ ఇవతలికి జరిగింది. ఆరోదాని వెనకనుంచి కూడా అలాగే ఇంకొకటి. కూర్చుంటే రెండూ మళ్ళీ వాటి వెనక్కి వెళ్ళిపోయాయి. పుట్టినప్పటినుంచీ చూస్తున్న చెట్లు తనతో దాగుడుమూతలు ఆడతాయని అతను ఎన్నడూ అనుకోలేదు. ఒక్కడే ఉన్నాడు కాబట్టి పైకే నవ్వాడు. ఆ పిల్ల చెట్లని దాచలేదు. కూర్చుని గీసింది, అంతే. కనపడినవి వేశానని ముందే చెప్పింది. మూడు రోజులుగా ఇంటిల్లిపాదీ ఆమె వంటని పందులకి వేశారు.

ఇక లేచి వెళ్ళొచ్చు. కానీ అనుమానం అలవాటైన కన్ను అంత తొందరగా ఊరుకోదు. మిగతాది కూడా చూసేద్దామనుకున్నాడు. మూడో చెట్టు కొస పిడుగు పడి విరిగింది. కాగితంలోనూ విరిగే ఉంది. అయిదోది శిఖరం వైపు ఒరిగింది, ఇక్కడా ఒరిగింది. వాగు వంపు దగ్గర బండ, బండ మీద చీలిక కూడా ఉంది. తను ఏది వెతికితే అది అక్కడ ఉంది. ఇంత చిన్న పెన్సిలుముక్కతో ఇన్ని నిజాలు ఎలా పట్టిందో.

చెట్ల కింది గీతల దగ్గరికి వచ్చాడు. గడ్డి అంతా గాలికి ఒకవైపుకి వాలినట్టు గీసింది. కానీ అందులోనే, చెట్లకి దిగువన, ఒక వరసలో కొన్ని గీతలు వాలలేదు. కుచ్చులు కుచ్చులుగా, నిటారుగా, సమానమైన ఎడంతో నిలబడి ఉన్నాయి. పదకొండు కుచ్చులు. గడ్డి అలా పెరగదు. కెరెంగా తలెత్తి వాలులో ఆ చోటు చూశాడు. ఎడమ కొసన గడ్డి పైకి ఎర్రగా ఏవో అయిదు కొసలు కనపడ్డాయి. కుడివైపు ఏమీ లేవు.

పెన్సిలుకి రంగు ఉండదు. అందుకే ఇంట్లో ఎవరికీ తెలియలేదు.

వాగు దాటి పైకెక్కాడు. గడ్డి అతని భుజాల దాకా ఉంది, ఆకుల అంచులు ముంజేతులని గీరుతున్నాయి. గడ్డి మధ్యలో మొదటి మొక్క దొరికింది. ఎర్రాకు మొక్క. పొలానికీ పొలానికీ, తెగకీ తెగకీ నడుమ హద్దు పెట్టుకునేటప్పుడు రెండు పక్షాలవాళ్ళూ కలిసి నాటేది దీన్నే. దీని కాండం అతని మణికట్టంత లావు ఉంది. తాతల నాటిది. ఆరడుగుల అవతల రెండోది, మూడోది, నాలుగోది, అయిదోది. ఆరోది ఉండాల్సినచోట గొయ్యి ఉంది.

కెరెంగా వంగి అందులో చెయ్యి పెట్టాడు. మట్టి తడిగా, వదులుగా ఉంది. తెగిన వేరు కొస ఇంకా తెల్లగా ఉంది. ఆ తర్వాత మరో అయిదు గోతులు, ఒకే వరసలో. మొత్తం వరస తొమ్మిది సరుగుడు చెట్లకీ దిగువనుంచి వెళ్తోంది. తండ్రి నాటిన చెట్లు హద్దుకి అవతల, తాబినావాళ్ళ నేలలో నిలబడి ఉన్నాయి.

గోతులనుంచి కిందికి గడ్డి తొక్కిన దారి, దారిలో అక్కడక్కడా రాలిన ఎర్రాకులు. అతను వాటి వెంట నడిచాడు. ఆ దారి బోమాయి పందుల దొడ్డి వెనక కాలువలో ఆగింది. ఆరు మొక్కలూ అందులో తలకిందులుగా పడి ఉన్నాయి. ఆకులు వాడాయి, ఇంకా ఎండలేదు. రెండు రోజులై ఉంటుంది.

సోమవారం బొమ్మ మీద ఆగిన ఆ వేలు గుర్తొచ్చింది కెరెంగాకి.

కాలువ గట్టు మీద చాలాసేపు కూర్చున్నాడు. ఈ సంగతి తెలిసింది ముగ్గురికి: తమ్ముడికి, తనకి, ఈ కాగితానికి. గీసిన పిల్లకి కూడా తెలియదు. కాగితం కాల్చేయమని సభ సభంతా అడుగుతోంది. కాలిస్తే, మిగిలిన అయిదు మొక్కలనీ ఎవరు పీకినా ఎవరు అడుగుతారు? మూడు తోటల నేల. కాస్పర్‌కి ఇప్పటికే చోటు చాలడం లేదు. తను బైబిలు మీద చెయ్యి పెట్టి, నాన్న తొమ్మిది చెట్లు నాటాడని చెప్తే అందులో అక్షరం అబద్ధం లేదు. నేలని గురించి దేవుడు అడగడు, సియూనే అడుగుతాడు. సియూనేకి చెట్లు చాలు. ఇలా ఒక్కొక్కటే అనుకుంటూ పోయాడు. ప్రతిదీ సబబుగానే ఉంది. నిన్న సందెవేళ తలుపు వైపు చూస్తూ తను గొంతు పెంచిన సంగతి మాత్రం ఎటు తిప్పినా సబబుగా కనపడలేదు.

ఇంటికి వచ్చేసరికి రెజీనా తన పూల గౌన్లు రెండూ మడిచి సంచిలో పెట్టుకుంటోంది. ఎలిసబెత్ గుమ్మంలో నిలబడి, ఏమేం పెడుతోందో చూస్తోంది. కాస్పర్ ఎక్కడా లేడు.

"సంచి దించమ్మా," అన్నాడు కెరెంగా. "నువ్వు ఎక్కడికీ పోనక్కర్లేదు."

రెజీనా అత్తగారి వైపు చూసింది. అత్త మొగుడి వైపు చూసింది. చెట్లు ఏమయ్యాయని అడిగింది ఎలిసబెత్. కూర్చుంటే ఏడు, నిలబడితే తొమ్మిది అన్నాడు. అర్థం కాలేదంది. నాకూ ఇవాళే అర్థమయింది, రేపు నువ్వూ వెళ్ళి కూర్చుని చూడు అన్నాడు.

బోమాయి వచ్చేటప్పటికి కెరెంగా ఆరిన గింజలు చేటలో పోసి, రాళ్ళు ఏరుతున్నాడు. బోమాయి ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు.

"చూశావా?"

"చూశాను. పిల్ల తప్పు లేదు."

"ఇంకేం చూశావు?"

కెరెంగా ఏరడం ఆపి తమ్ముడి చేతుల వైపు చూశాడు. గోళ్ళ సందుల్లో వాలు మీది ఎర్రమట్టి. "నువ్వు చూసిందే," అన్నాడు.

బోమాయి చేతులు చంకల్లో దాచుకున్నాడు. ఈసారి గొంతులో దబాయింపు లేదు. "మూడు తోటలన్నా. నాకు నలుగురు పిల్లలు. ఆ మొక్కలు గడ్డిలో పడి ఎన్నేళ్ళయిందో, వాళ్ళే మర్చిపోయారు. వాళ్ళకి లేని జ్ఞాపకం మనకెందుకు?"

"మరి పిల్లనెందుకు పంపేద్దామన్నావు?"

బోమాయి చేటలోంచి ఒక గింజ తీసి, పంటితో కొరికి, ఆరిందో లేదో చూసి, లేచి వెళ్ళాడు.

శుక్రవారం మైదానం నిండిపోయింది. గోర్మావాళ్ళు ఒకవైపు, తాబినావాళ్ళు ఒకవైపు, వెనకగా సంచులు అల్లుకుంటూ ఆడవాళ్ళు. సియూనేది నెరిసిన గడ్డం, చేతిలో గొడుగు, మెడలో వేలాడే కళ్ళద్దాలు. రెండు పక్షాల మాటలూ విన్నాడు. మాటలు అయ్యాక నడక. ఎవరి తెగ తరఫున ఎవరు నిలబడ్డారో వాళ్ళు బైబిలు ముట్టుకుని, చేతిలో కొమ్మ పట్టుకుని హద్దు నడిచి చూపించాలి. వెనక అందరూ వస్తారు. అడుగు ఎటు పడితే మాట అటే. రెండోసారి నడవడానికి లేదు. గోర్మా తరఫున కెరెంగా.

అతను బైబిలు మీద చెయ్యి పెట్టి తీశాడు. కాగితం చొక్కాలోనే ఉంది. వాగు దాటి వాలు ఎక్కుతూంటే వెనక తనవాళ్ళ అడుగులు ధీమాగా వినపడుతున్నాయి. సగం వాలు ఎక్కాక శిఖరం వైపు వెళ్ళే కాలిబాట వచ్చింది. కెరెంగా దాన్ని వదిలి, పక్కకి తిరిగి, గడ్డిలోకి దిగాడు.

"దారి అటన్నా," అన్నారెవరో.

అతను మొదటి ఎర్రాకు మొక్క దగ్గర ఆగి, చేతిలోని కొమ్మతో గడ్డి వంచి, అందరికీ కనపడేలా పట్టుకున్నాడు. రెండోదాని దగ్గరా అలాగే చేశాడు. అయిదో మొక్క దాటేసరికి వెనక అడుగుల చప్పుడు పలచబడింది. ఆరో చోట గొయ్యి. చేతిలోని కొమ్మనుంచి ఒక పుల్ల విరిచి అందులో గుచ్చాడు. ఆరు గోతులు, ఆరు పుల్లలు. చివరి పుల్ల గుచ్చి లేచేటప్పటికి తొమ్మిది చెట్లూ అతని నెత్తి మీద, పైన ఉన్నాయి.

"ముసలాడికి కోడలు మందు పెట్టింది," అంది ఒక గొంతు. నలుగురు గొణిగారు. ఆడవాళ్ళలో ఎక్కడో ఉన్న రెజీనా వైపు కొన్ని తలలు తిరిగాయి.

సియూనే కళ్ళద్దాలు పెట్టుకుని గోతిలోకి వంగి చూశాడు. ఇవి పీకింది ఎవరని అడిగాడు. గాలికి సరుగుడు ఆకులు ఈలగా మోగుతున్నాయి. బోమాయి తన పాదాల వైపు చూసుకుంటున్నాడు.

"మా ఇంటి పని," అన్నాడు కెరెంగా. "పేరు అడక్కండి. ఇంటిపెద్దని నేను."

"ఈ వరస ఇక్కడుందని నీకు ఎవరు చూపించారు?"

చొక్కా లోపల కాగితం చెమటకి చర్మానికి అంటుకుని ఉంది. తీసి చూపిస్తే తన మాటకి బలం. కానీ రేపటినుంచి గోర్మా ఇళ్ళలో ప్రతి నోటా ఒకటే మాట, తాబినా పిల్ల మన నేల గీసి పుట్టింటికి ఇచ్చిందని. అది ఆమె పిల్లల దాకా పోతుంది.

"ఎవరూ చూపించలేదు. నా కళ్ళతో నేనే చూశాను. ఆలస్యంగా చూశాను."

సియూనే రాసుకున్నాడు. తాబినావాళ్ళు కేకలు వేయలేదు. వాళ్ళు ఇంకో రకంగా సిద్ధపడి వచ్చారు, ఇప్పుడేం చేయాలో వాళ్ళకీ తోచలేదు. చివరికి ముసలి దామా కర్ర ఊతంతో ముందుకి వచ్చి, చెట్లకేసి చూసి, నేల మాదే గానీ నాటిన చెయ్యి మీ నాన్నది, చెట్లు మీవి, నరుక్కోవాలంటే నరుక్కో, ఉంచాలంటే ఉంచు అన్నాడు. కెరెంగా తల ఊపాడు.

తిరుగుదారిలో గోర్మా మగవాళ్ళు ముందే వెళ్ళిపోయారు. బోమాయి వాళ్ళతో వెళ్ళాడు. కెరెంగా పక్కన నడిచింది కాస్పర్ ఒక్కడే. వాగు దగ్గర తండ్రి మోకాలు పట్టేస్తే చెయ్యి అందించాడు.

వాకిట్లో రెజీనా పట్టా మీది గింజలని ఎండ పోకముందే మూటకెత్తుతోంది. కెరెంగా నేరుగా వెళ్ళి పట్టా అంచున కూర్చున్నాడు. చొక్కాలోంచి కాగితం తీసి విప్పాడు. చెమటకి ఒక మూల అలుక్కుపోయింది. ఆమె దాన్ని చూసి చేతిలోని గింజలు కింద పోసేసింది.

"దీన్ని అక్కడ చూపించారా మామయ్యా?"

"లేదు."

ఆమె భుజాలు కొంచెం దిగాయి. అయినా దగ్గరికి రాలేదు. "ఇంకా ఇందులో ఏమన్నా తప్పుందా?" అని అడిగింది.

ఆ అడగడంలో కోపం ఉందో, భయం ఉందో, అది తనని నిలదీయడమో కెరెంగా పోల్చుకోలేకపోయాడు. ఏదైనా న్యాయమే. కాగితాన్ని మోకాలి మీద పరిచి చూశాడు. చెట్లు లెక్కపెట్టలేదు. గడ్డి వైపు వెళ్ళలేదు. వెతకాల్సింది ఏమీ మిగలకపోయేసరికి కన్ను పైకి వెళ్ళింది. అక్కడ కొండ ఉంది. ఇన్ని రోజులూ ఇంతమంది చూశారు, కొండ గురించి ఎవరూ ఒక్క మాట అనలేదు. దాని భుజం మీదనుంచి మబ్బు సగం దాకా దిగి, తోటల మీదికి వద్దామా వద్దా అన్నట్టు ఆగింది. పొద్దుటిపూట కొండ అచ్చం అలాగే ఉంటుంది. తడిసిన గడ్డి వాసన కూడా వచ్చినట్టయింది అతనికి.

"ఈ మబ్బుని దేంతో వేశావమ్మా? గీతే కనపడదు."

రెజీనా అప్పుడు దగ్గరికి వచ్చింది. పట్టాకి అవతలి అంచున కూర్చుని, తలకిందులుగానే బొమ్మకేసి చూసింది.

"దాన్ని వేయలేదు మామయ్యా. చుట్టూ కొండ వేసి, అక్కడ కాగితాన్ని వదిలేశాను."

కెరెంగా ఆ తెల్లటి జాగాని తాకి చూద్దామని వేలు చాచాడు. వేలికి మట్టి ఉండడం చూసుకుని, తాకకుండా చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.